తుపాకులు పోల్చి చూసే రోజున జాగ్రత్తలు

ఒకే తుపాకీని ఏళ్లుగా వాడుతున్నవాడి చేతికి దాని సంగతులన్నీ తెలిసే ఉంటాయి. సేఫ్టీ ఎటు నెడితే పేలుతుందో, ఎటు నెడితే పేలదో చూడకుండానే చెప్పేస్తాడు. కొనబోయేవాడి పరిస్థితి వేరు. అతని ముందు బల్ల మీద నాలుగు రకాలు ఉంటాయి. ఒకదాని సేఫ్టీ కిందికి నొక్కితే పేలడానికి సిద్ధం, పక్కదానిది పైకి ఎత్తితే సిద్ధం, మూడోదానికి అసలు సేఫ్టీ మీటే ఉండదు. ఒక పిస్టల్ మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసేస్తే పేలదు. ఇంకోటి మ్యాగజైన్ తీసినా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చుని పేలే గదిలో, తూటా ఉంటే నిక్షేపంగా పేలుతుంది. ఆఖరి తూటా అయిపోగానే ఒకదాని స్లైడు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి నిలిచిపోతుంది, మరొకటి ఏమీ ఎరగనట్టు మూసుకుంటుంది. ఇన్ని తేడాల మధ్య మనసేమో బరువు మీదా, పట్టు మీదా, ట్రిగ్గర్ మీదా ఉంటుంది. మూతి ఎటు చూస్తోందన్న ధ్యాస జారిపోతుంది. అందుకే, కొన్న తర్వాతి ఏళ్లకన్నా ఎంచుకునే ఆ కొద్ది వారాలకే ఎక్కువ జాగ్రత్త కావాలంటాను.

కాగితాలు ముందు

మనసుకు నచ్చింది దొరికాక లైసెన్సు సంగతి చూద్దాంలే అనుకునేవాళ్లున్నారు. ఆ వరస తిరగేయండి. మీరున్న చోట చట్టం ఏ రకాన్ని, ఏ కాలిబర్‌ని (గొట్టం లోపలి వెడల్పుని), ఎన్నింటిని అనుమతిస్తుందో లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గరే తెలుసుకోవాలి, అమ్మేవాడి నోటి మాట చాలదు. కొనడానికే కాదు, వేరొకరి తుపాకీ పట్టుకుని ఒక్కసారి కాల్చి చూడటానికీ, దాన్ని రేంజ్ దాకా తీసుకెళ్లడానికీ కొన్ని చోట్ల విడిగా అనుమతి ఉండాలి. పెద్దల నుంచి వచ్చిన తుపాకీ అయినా కాగితం మీ పేరుకు మారేదాకా మీది కాదు. సీరియల్ నంబరు గీకేసి ఉన్నా, కాగితం మీద ఒకటీ తుపాకీ మీద ఒకటీ కనిపించినా బేరం ఆడకుండా వచ్చేయండి.

చేతికి అందుకునేటప్పుడు

తుపాకీ ముట్టుకోకముందే ఒక పని ఉంది. ఈ గదిలో పొరపాటున పేలినా ఎవరికీ తగలని దిక్కు ఏది? అది ముందే చూసి పెట్టుకోండి. తెలియకపోతే అడగండి. పలచటి చెక్క గోడ, పక్క గదిలో మనుషులున్న గోడ పనికిరావు. ఆ దిక్కు తేల్చుకున్నాకే చెయ్యి చాపాలి.

ఇచ్చేవాడు యాక్షన్, అంటే తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించి, బయటికి తీసే యంత్రభాగం, తెరిచి, ఖాళీ అని చూపించి ఇవ్వాలి. అలా ఇవ్వకపోతే తెరిచి ఇమ్మని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అతను చూశాడు కదా అని మీరు చూడటం మానకూడదు. మ్యాగజైన్ ఉన్న రకమైతే ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) లేదా స్లైడు లాగాలి. ఇది తారుమారైతే ఛాంబర్‌లో ఉన్న తూటా బయటపడుతుంది, మ్యాగజైన్‌లోంచి ఇంకోటి దాని చోటుకి ఎక్కుతుంది. చేసినవాడికి మాత్రం ఖాళీ చేశానన్న నమ్మకం మిగులుతుంది. లాగాక కూడా ఛాంబర్‌లోకి కంటితో చూసి, వీలైతే చిటికెన వేలితో తడిమి చూడండి. తూటాను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ విరిగి ఉంటే, ఎన్నిసార్లు బోల్ట్ లాగినా తూటా అక్కడే కూర్చుంటుంది. గొట్టం కింద మరో గొట్టంలో తూటాలు నింపే లీవర్ రైఫిళ్లతో, పాత .22 రైఫిళ్లతో మరీ జాగ్రత్త. స్ప్రింగ్ బిగుసుకుపోతే అందులో ఒక తూటా దాక్కుని, తర్వాత ఎప్పుడో కదుపుతుంటే జారి ముందుకొస్తుంది.

ఖాళీ ట్రిగ్గర్ నొక్కి చూడాలని అందరికీ ఉంటుంది. యజమానిని అడిగి నొక్కండి. చాలా .22 రైఫిళ్లలో, పిస్టళ్లలో తూటా లేకుండా కొడితే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) నేరుగా ఛాంబర్ అంచు మీద పడి నొక్కు పడుతుంది. డమ్మీ తూటా (మందు లేని ఉత్త నమూనా) పెడితే ఆ బాధ లేదు. నొక్కేటప్పుడు ముందు అనుకున్న దిక్కుకే గురి, ఆ బల్ల చుట్టుపక్కల అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. డమ్మీలూ అసలువీ ఒకే పెట్టెలో పెట్టే మనిషి దగ్గర నేనైతే కొనను.

తూటాల గందరగోళం

పోల్చి చూసే రోజున తుపాకుల కన్నా తూటాలకే ఎక్కువ భయపడాలి. ఒక్కో తుపాకీకీ ఒక్కో తూటా, అన్నీ ఒకే సంచిలో, కొన్ని జేబుల్లో. గండం ఇక్కడే ఉంటుంది.

అన్నిటికన్నా పేరుమోసింది 12 బోర్, 20 బోర్ షాట్‌గన్‌ల సంగతి. బోర్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. 20 బోర్ షెల్ (షాట్‌గన్ తూటా) సన్నగా ఉంటుంది కాబట్టి 12 బోర్ ఛాంబర్‌లో ఆగదు, గొట్టంలోకి జారి కాస్త ముందు ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే పేలదు. తెరిచి చూస్తే ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. పెట్టడం మరిచానేమో అనుకుని 12 బోర్ షెల్ పెట్టి కాలిస్తే, ముందున్నది అడ్డుపడి గొట్టం చీలిపోతుంది. ఆ చోటే ఎడమ చెయ్యి పట్టుకుని ఉంటుంది. 20 బోర్ షెల్లను పసుపు రంగులో చేయడానికి కారణం ఇదే. అయినా రంగును నమ్ముకోవద్దు. రెండు బోర్లూ ఒకే రోజు, ఒకే బల్ల మీదికి రానివ్వకండి.

షెల్ పొడవు సంగతి చాలామందికి తట్టదు. పెట్టె మీద రాసేది పేలాక షెల్ మూతి మడత విచ్చుకున్నప్పటి పొడవు. అంటే 76 మి.మీ. షెల్ పేలకముందు 70 మి.మీ. ఛాంబర్‌లో హాయిగా పట్టేస్తుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలక గుళ్ల దారి ఇరుకై, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. పాత తుపాకుల్లో 65 మి.మీ. ఛాంబర్లూ ఉన్నాయి. కాబట్టి లోపలికి దూరినంత మాత్రాన సరిపోయిందని కాదు. గొట్టం మీద రాసినదీ పెట్టె మీద రాసినదీ ఒకటి కావాలి.

రైఫిళ్లలో ఇలాంటిదే .223 రెమింగ్టన్, 5.56 నాటో జంట. చూడటానికి కవలలు, ఛాంబర్ కొలతల్లో తేడా. 5.56 అని ముద్రించిన దాంట్లో .223 కాల్చవచ్చు, .223 అని మాత్రమే ఉన్న దాంట్లో 5.56 కాల్చకూడదు. .300 బ్లాకౌట్ మరీ ఘోరం. అదే మ్యాగజైన్‌లో పడుతుంది, కొన్ని రకాల గుండ్లతో (గుండు అంటే తూటా ముందుండి గొట్టంలోంచి దూసుకెళ్లే ముక్క) .223 ఛాంబర్‌లోకీ వెళ్లిపోతుంది. పేలితే .30 అంగుళాల గుండు .22 గొట్టంలో పట్టక రైఫిలే పగిలిపోతుంది. పిస్టళ్లలో "9 మి.మీ." అన్న మాట ఒక్కటే సరిపోదు, 9×19, 9×18, 9×17 మూడూ వేరు వేరు తూటాలు.

పద్ధతి సులువే. బల్ల మీద ఒక సమయంలో ఒక తుపాకీ, దాని తూటాల పెట్టె. అది ఖాళీ చేసి, యాక్షన్ తెరిచి పక్కన పెట్టి, మిగిలిన తూటాలు మూసేశాకే రెండోది పైకి రావాలి. జేబులో తూటాలు వేసుకోవద్దు. ఎవరో చేత్తో మళ్లీ నింపిన తూటాలు ఎంత చవకగా వచ్చినా, ఎంత ప్రేమగా ఇచ్చినా వద్దనండి. లోపల మందు ఎంత పోశాడో పోసినవాడికే తెలుసు.

పాతది కొంటుంటే

పాత తుపాకీ తప్పేమీ కాదు. చాలాసార్లు అదే డబ్బుకి మెరుగైన పనితనం దొరుకుతుంది. కాకపోతే మెరుపు చూసి మోసపోకండి, పాత గుంతలను పాలిష్ భలే దాచేస్తుంది.

గొట్టంలోకి వెలుగు వేసి చూడండి. మధ్యలో ఎక్కడైనా నల్లటి వలయం నీడలా కనిపిస్తే, గొట్టంలో ఏదో అడ్డం ఉండగా ఎప్పుడో కాల్చారని, అక్కడ ఉబ్బిందని అర్థం. బయట వేళ్లతో నిమిరినా ఒక్కోసారి తెలుస్తుంది. అలాంటిది ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. జంట గొట్టాల షాట్‌గన్ అయితే గొట్టాల కింద ముందువైపున్న చెక్కను ఊడదీసి, మూసి పట్టుకుని కదపండి, కీలు దగ్గర లొడలొడ ఉండకూడదు. పాత మిలిటరీ బోల్ట్ రైఫిల్ అయితే బోల్ట్ మీది నంబరూ రిసీవర్ (బోల్ట్ కదిలే ప్రధాన భాగం) మీది నంబరూ కలవాలి. కలవకపోతే హెడ్‌స్పేస్, అంటే తూటా ఆగే చోటికీ బోల్ట్ ముఖానికీ మధ్య దూరం, గేజ్ పెట్టి కొలిపించకుండా కాల్చవద్దు. ఆ కొలత గన్‌స్మిత్ పని, మన కంటికి అందేది కాదు.

గొట్టం మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి, కిరీటాలు, అక్షరాలు, అంకెలు. ఇవి ప్రూఫ్ గుర్తులు. మామూలు తూటా గరిష్ఠ పీడనం కన్నా సుమారు నాలుగో వంతు ఎక్కువ పీడనంతో కాల్చి, తట్టుకున్న తుపాకీకే వాటిని కొడతారు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఈ పని చేస్తోంది. యూరప్ దేశాల పరీక్షలకు ఉమ్మడి ప్రమాణాలు పెట్టే సీఐపీ 1914లో మొదలైంది. అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ హౌస్ లేదు, అక్కడి తయారీదారులు 1926లో పుట్టిన తమ సంఘం సామీ (SAAMI) ప్రమాణాలను అనుసరిస్తారు. ఈ గుర్తులను చదవగలిగే మనిషిని వెంట తీసుకెళ్తే సగం అనుమానాలు తీరతాయి. ముఖ్యంగా 19వ శతాబ్దపు డమాస్కస్ గొట్టాల విషయంలో. ఇనుము, ఉక్కు పట్టీలు చుట్టి అతికించి చేసిన ఆ గొట్టాల మీది అలల డిజైను అందంగానే ఉంటుంది. వాటిలో చాలావాటిని పాతకాలపు నల్ల తుపాకీమందు కోసం చేశారు. ఇప్పటి పొగరాని మందు తూటాలు వాటిలో వేయకండి, గోడకు పెట్టుకుని చూసుకోవడానికైతే అభ్యంతరం లేదు.

పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్లకు, అంటే ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగి కాల్చేవాటికి, ఇంకో గుణం ఉంది. సుత్తి కింద తూటా ఉన్నప్పుడు కింద పడితే పేలవచ్చు. రూగర్ సంస్థ తన సింగిల్ యాక్షన్లలో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడే సుత్తి దెబ్బను ఫైరింగ్ పిన్‌కు అందించే పలక) పెట్టింది 1973లో. అలాంటి ఏర్పాటు లేని వాటిలో సుత్తి కింది గదిని ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, ఆరు గదులుంటే అయిదే నింపాలి.

ఎయిర్ రైఫిళ్లు కొనేవాళ్లు ఈ భాగం తమది కాదనుకోవద్దు. పోటీ రకం ఎయిర్ రైఫిల్, పిస్టల్ సిలిండర్లలో 200 బార్ దాకా గాలి నింపుతారు. దాని మీద తయారీ తేదీ ఉంటుంది, చాలా కంపెనీలు పదేళ్ల తర్వాత వాడవద్దంటాయి. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే వాటి చవకదనానికి కారణం చాలాసార్లు ఆ తేదీయే.

కాల్చి చూసేటప్పుడు

కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ, ఇవి లేకుండా గీత దాటకూడదు. తుపాకీ పేలుడు చప్పుడు చాలావరకు 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి మళ్లీ రాదు. పైకప్పు ఉన్న రేంజ్‌లో చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. మెడ మూసే చొక్కా వేసుకోండి. వేడి ఖోకా (పేలాక ఎగిరిపడే ఖాళీ తొడుగు) కాలర్‌లో పడితే మనిషి గెంతుతాడు, చేతిలోని తుపాకీ కూడా అతనితో పాటే తిరుగుతుంది.

కొత్త తుపాకీలో మొదటిసారి ఒక్క తూటాయే నింపండి. సెమీ ఆటోమేటిక్ అయితే తర్వాత రెండు నింపండి. యంత్రంలో లోపం ఉండి రెండూ ఒకేసారి పేలినా అంతటితో ఆగుతుంది. ఎదురుదెబ్బ గట్టిగా ఉండే రివాల్వర్‌ను కొత్తవాళ్లకిచ్చేటప్పుడు కూడా ఒకటే. మొదటి దెబ్బకు చెయ్యి పైకి లేచి, వేలు తెలియకుండానే రెండోసారి నొక్కుతుంది.

చేతుల పట్టు మారుతుందని గుర్తుంచుకోండి. పిస్టల్ పట్టినట్టు రివాల్వర్ పట్టి, ఎడమ చేతి వేళ్లు ముందుకు పెడితే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వచ్చే వేడి వాయువు వేళ్లను కోస్తుంది. రివాల్వర్ అలవాటుతో పిస్టల్ పట్టి బొటనవేలు స్లైడు వెనక పెడితే, స్లైడు వచ్చి చీరుతుంది. గంటలో రెండూ మార్చి మార్చి కాల్చేవాడికే ఈ దెబ్బలు తగులుతాయి. ఎవరో తమ కంటికి బిగించుకున్న స్కోప్‌లోకి దగ్గరగా చూస్తూ కాలిస్తే కనుబొమ మీద గాటు ఖాయం.

నొక్కినా పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఎప్పటిలా కాకుండా "తుస్సు"మని చిన్న శబ్దం వస్తే, ఎదురుదెబ్బ తక్కువగా అనిపిస్తే, అక్కడే ఆపేయండి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం పోతుంది, చెయ్యి పోవచ్చు. ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి. చిన్నది కదా అని .22ను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దాని గుండు కిలోమీటరున్నర దాకా పోగలదు, కాబట్టి లక్ష్యం వెనక మట్టికట్ట ఉన్న చోటే కాల్చాలి.

అయ్యాక చన్నీళ్లతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోండి. గుండులోనూ, చాలా ప్రైమర్లలోనూ (తూటా అడుగున మందును అంటించే బిళ్లలు) సీసం ఉంటుంది. ఆ బట్టలతోనే పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు.

ఇక ఏది మెరుగు? మూడు గుళ్లు ఒకే కన్నంలో పడ్డాయని మురిసిపోయి కొనకండి. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో, ఒకే దూరం నుంచి, అయిదేసి గుళ్ల గ్రూపులు కొన్ని కాల్చి పోల్చండి. గ్రూపు ఎంత చిన్నదో కొలిచే లెక్క మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్లకు 29 మి.మీ. అంటే ఒక మినిట్. అంతకన్నా ముఖ్యం, అది మీ ఒంటికి సరిపోవాలి. మీ బలమైన కన్ను ఏదో ముందు తెలుసుకోండి. కుడిచేతివాటం వాళ్లలో ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లూ ఉంటారు. ట్రిగ్గర్ తేలిగ్గా ఉన్నదల్లా మంచిదనుకోవద్దు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌లో 1000 గ్రాములు ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. పోటీదారులకే అంత ఉంటే, నేర్చుకునేవాళ్లు ఇంకాస్త బరువైనదానితో మొదలుపెట్టడమే క్షేమం.

తెచ్చుకునే ముందు రోజు

ఇనప్పెట్టె తుపాకీ కన్నా ముందు ఇంటికి రావాలి, వెనక కాదు. తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో. బీరువా పైనా, పరుపు కిందా దాచడం దాచడమే కాదు. ఇంట్లో పిల్లలకు ప్రతి మూలా తెలుసు, అమ్మా నాన్నల కన్నా బాగా తెలుసు. స్పాంజి కేసులో నెలల తరబడి వదిలేస్తే తేమ పట్టి తుప్పు తింటుంది, కేసు రేంజ్‌కి మోసుకెళ్లడానికే వాడండి. ఇంట్లో ఎవరి మనసైనా బాగా కుంగి ఉన్నప్పుడు, ఆ ఎవరో మీరే అయినప్పుడు కూడా, కొనడం వాయిదా వేయండి. ఇప్పటికే ఉన్నవాటిని చట్టం ఒప్పుకునే చోట, క్లబ్బులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో, కొన్నాళ్లు అప్పగించి రండి.