వీల్‌చైర్‌ను ఎత్తే ముందు ఒక్క మాట అడగండి
వరదో, అగ్నిప్రమాదమో వచ్చి బిల్డింగ్ మొత్తం ఖాళీ చేయాల్సి వస్తే, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను ఆ కంగారులో నలుగురూ కలిసి గబుక్కున ఎత్తేస్తుంటారు. దయచేసి అలా చేయొద్దు. "ఎలా పట్టుకోమంటారు?" అని ముందు వాళ్లనే అడగండి. ఎక్కడ నొప్పో, ఎక్కడ పట్టు ఆగదో వాళ్లకే బాగా తెలుసు.

కుర్చీతో సహా మెట్లు దించాల్సి వస్తే, చేతులు ఆనించే చోటా పాదాలు పెట్టుకునే చోటా పట్టుకోకండి. చాలా కుర్చీల్లో అవి ఊడొచ్చేలా ఉంటాయి, మెట్ల మధ్యలో చేతికొచ్చేస్తే మనిషి పడిపోతారు. గట్టి ఫ్రేమ్‌నే పట్టుకోవాలి. బ్యాటరీ కుర్చీ చాలా బరువు, అందుకే మామూలుగా మనిషిని విడిగా దించాల్సి వస్తుంది. కానీ ఆ కుర్చీని వీలైనంత త్వరగా వాళ్ల దగ్గరికి చేర్చండి. అది లేకపోతే శిబిరంలో బాత్రూమ్‌కి వెళ్లాలన్నా ఇంకొకరిని అడగాల్సిందే.

చూపు లేనివాళ్లను చెయ్యి పట్టి లాగకండి, మీ మోచెయ్యి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు. మైకు వినపడనివాళ్లకు ఫోన్‌లో టైప్ చేసి చూపించండి.

ఇవన్నీ ఆ టెన్షన్‌లో అడిగేకన్నా ఈ వారమే ఒకసారి వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడి పెట్టుకోండి. వాళ్లింట్లో ఆక్సిజన్ మిషన్ ఉంటే, కరెంటు పోయాక ఎంతసేపు నడుస్తుందో కూడా కనుక్కోండి.