మోడల్ డీజిల్ రైలు ఇంజిన్‌కు పాత రోజుల రంగు, అక్షరాలు వేయడం ఎలా?

ముందు ఏడాది తేల్చుకోండి, తర్వాతే బ్రష్షు పట్టుకోండి. 2003 ఏప్రిల్ 1 దాకా మన వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలో ఉండేది, ఆ రోజు నుంచి తూర్పు కోస్తాలోకి వచ్చింది. 1985 నాటి డబ్ల్యూడీఎం-2 (మన రైల్వే డీజిల్ ఇంజిన్ రకం) అంటూ దాని మీద ఈసీఓఆర్, అంటే తూర్పు కోస్తా రైల్వే అని రాస్తే రంగు ఎంత బాగా కుదిరినా దండగే. విశాఖలో ఇలాంటివి నాకు తెచ్చి చూపించి "ఎలా ఉందండీ?" అని అడుగుతారు. ఏం చెప్పను! తేదీ తెలిసిన ఫొటో ఒకటి, ఇంజిన్ పక్క నుంచి తీసింది, సంపాదించండి. నంబరు కూడా అందులోదే వేయండి.

కొలత కూడా ఆ ఫొటోలోనే ఉంది. డబ్ల్యూడీఎం-2 కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. బోగీ ఫ్రేము, అంటే చక్రాల్ని పట్టి ఉంచే చట్రం, చక్రాన్ని సగం కప్పేస్తుంది కాబట్టి పట్టా నుంచి ఇరుసు మధ్య దాకా కొలిచి రెట్టింపు చేయండి. అక్షరం అందులో అయిదో వంతు ఉంటే అసలు ఎత్తు 218 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలంటే 87వ వంతు, అంటే మీ మోడల్ మీద రెండున్నర మిల్లీమీటర్లు.

బాడీ విప్పండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత రంగు తీయండి, ముందు లోపలి వైపు ఓ మూల రాసి చూసుకోండి. పెయింటు థిన్నర్ పోశారో, ప్లాస్టిక్ కరిగిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టి, గ్రే ప్రైమర్, లేత రంగు, మాస్కింగ్ టేపు, ముదురు రంగు, ఈ వరసలో పల్చగా వేసుకుంటూ పోండి. ఎయిర్‌బ్రష్‌తోనే (గాలితో రంగు సన్నగా చిమ్మే పరికరం) వేయాలి. స్ప్రే డబ్బాతో వేస్తే గ్రిల్లు గీతలన్నీ పూడుకుపోతాయి. ఇంకో మాట: వానాకాలంలో మన సముద్రపు తేమకి లాకరు పెయింటు బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. నేను డిసెంబరు, జనవరిల్లో తప్ప డబ్బా మూత తీయను.

అసలు టెన్షన్ అక్షరాల దగ్గరే. చాలామంది మాట్ రంగు (మెరుపు లేనిది) మీదే డెకాల్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే అక్షరాల పల్చటి ఫిల్మ్, అంటించేస్తారు. గరుకు మీద ఫిల్మ్ సరిగా కూర్చోదు, కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. అందుకని ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ రెండు పూతలు వేసి, రోజంతా ఆరనివ్వండి.

మామూలు ఇంక్‌జెట్‌లో తెల్ల ఇంకు ఉండదు. పారదర్శక డెకాల్ కాగితం మీద తెల్ల అక్షరాలు ప్రింటు కొడితే ఖాళీ కాగితమే బయటికొస్తుంది. తెల్ల ఇంకు వేసేవాళ్ల దగ్గరే చేయించుకోండి. తెల్ల కాగితం మీద అక్షరం చుట్టూ ఇంజిన్ రంగు కొట్టించేవాళ్లూ ఉన్నారు, ఆ రెండు రంగులూ చచ్చినా కలవవు. వినైల్ స్టిక్కర్ల మాట నా దగ్గర ఎత్తకండి, ఇంత చిన్న అక్షరానికి చుట్టూ గట్టు కనిపిస్తుంది.

డెకాల్‌ని అక్షరానికి ఆనుకునేలా కత్తిరించండి. హిందీలో ద.పూ. (దక్షిణ పూర్వ, అంటే ఆగ్నేయ) అయినా పూ.త. (పూర్వ తట, అంటే తూర్పు కోస్తా) అయినా 'పూ' కింద మాత్ర వేలాడుతుంది, కత్తెర దాన్ని తినేయకుండా చూసుకోండి. గోరువెచ్చని నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి, టిష్యూ మీద నిమిషం ఉంచండి. వేలితో మెల్లగా తోస్తే ఫిల్మ్ జరగాలి. జరగలేదా, ఇంకాస్త ఆగండి, గోకకండి. ఇంజిన్ మీద ఆ చోటు ముందే తడిపి, కాగితం ఆనించి, తడి బ్రష్షుతో అక్షరాన్ని జార్చండి. కింద సన్నటి టేపు ముక్క అంటించుకుంటే వరస వంకర పోదు. ఇంజిన్‌ని కంటి ఎత్తుకి తెచ్చి చూడండి, పై నుంచి చూస్తే అన్నీ తిన్నగానే ఉన్నట్టుంటాయి.

తర్వాత సెట్టింగ్ సొల్యూషన్ ఒక చుక్క. వేయగానే ఫిల్మ్ మెత్తబడి ముడతలు పడుతుంది, గుండె ఆగినంత పనవుతుంది. ముట్టుకోకండి! మొదటిసారి నేను ఆగలేక వేలితో సర్దబోతే నంబరులోని 8 వేలికి అంటుకుని వచ్చేసింది. వదిలేస్తే ముడతలు వాటంతటవే సర్దుకుంటాయి. మర్నాడు ఎక్కడైనా బుడగ మిగిలితే సన్న సూదితో పొడిచి ఇంకో చుక్క వేయండి.

అంతా ఆరాక మాట్ వార్నిష్ ఒక పూత. కిటికీ అద్దాలు, హెడ్‌లైట్లు ఆ తర్వాతే బిగించండి. ముందే పెడితే, పాడేరు ఘాట్‌లో పొద్దున్నే కారు అద్దానికి మంచు పట్టినట్టు డ్రైవరు కిటికీ మసకబారిపోతుంది.