మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఫిజియో, పిలాటిస్ ఏ వరసలో చేసుకోవాలి

నొప్పి రాగానే వీడియో పెట్టుకుని పిలాటిస్ (ఊపిరితో పాటు ఒంటిని అదుపులో పెట్టుకుని నెమ్మదిగా చేసే వ్యాయామాలు) మొదలెట్టేస్తున్నారు చాలామంది. పిలాటిస్ మంచిదే, వరస తప్పుతోంది అంతే. ముందు ఫిజియో చూడాలి, ఎందుకంటే నడుం నొప్పి అని అందరూ ఒకే పేరు చెప్తారు గానీ డిస్క్ వల్ల వచ్చింది మామూలుగా ముందుకి వంగితే, ఎక్కువసేపు కూర్చుంటే పెరుగుతుంది, వెన్నులో నరాల దారి ఇరుకైపోయి వచ్చిందైతే నిలబడితే, వెనక్కి వంగితే పెరుగుతుంది, కాబట్టి పక్కింటావిడకి తగ్గించిన ఎక్సర్‌సైజే మీకు పెంచొచ్చు.

కొన్నిటికి ఫిజియో కూడా కాదు, సరాసరి డాక్టరే. యూరిన్, మోషన్ మీద కంట్రోల్ తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగొద్దు. కాల్లో బలం తగ్గుతూ రావడం, జ్వరంతో పాటు కీలు ఎర్రగా వేడిగా వాచిపోవడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, ఏ కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి, ఇవన్నీ చూపించుకోవాల్సినవే. ఒక్క పిక్కే వాచి నొప్పెడుతుంటే దాన్ని పిసకొద్దు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఫిజియో దగ్గరికెళ్ళినప్పుడు "నొప్పిగా ఉందండి" అని ఊరుకోకుండా పొద్దున లేవగానే ఎక్కువా సాయంత్రం ఎక్కువా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, కాల్లోకి లాగుతోందా, తిమ్మిర్లు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ చెప్పండి. కాపడం, కరెంట్ మిషన్లు కాసేపు హాయినిస్తాయి, కాదనను, కానీ వాటితో కండరానికి బలం రాదు. సిట్టింగులన్నీ మిషన్ మీదే అయిపోతుంటే మాత్రం "ఇంట్లో చేసుకునేవి నేర్పండి" అని మొహమాటపడకుండా అడగండి.

ఇక మోకాళ్ళ సంగతి. గుజ్జు అరిగిపోయిందన్నారు కాబట్టి కాలు కదపకూడదని కూర్చునేవాళ్ళకి ఇంకా బిగుసుకుపోతుంది. కీలులో ఎముకల చివర ఉండే కార్టిలేజ్‌కి (గుజ్జు అనేది దీన్నే) రక్తనాళాలు ఉండవు, కాలు కదిలినప్పుడు నొక్కి వదిలిన స్పాంజిలాగా కీలులోని ద్రవం నుంచే పోషణ తీసుకుంటుంది. పైగా తొడ కండరం బలంగా ఉంటే మోకాలికి దన్నుగా ఉంటుంది. బరువు ఎక్కువున్నవాళ్ళు ఒక్క కిలో తగ్గినా అడుగు అడుగుకీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది, ఇది చాలామందికి చెప్పరు.

మొదలెట్టడానికి రెండు చాలు. కాళ్ళు చాపుకుని కూర్చుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందకి అదుముతూ తొడ బిగించి 5 సెకన్లు ఉంచి వదలాలి, 10 సార్లు. రెండోది, వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు తిన్నగా జానెడు ఎత్తు లేపి నెమ్మదిగా దించాలి. దించేటప్పుడు దబ్బున పడేస్తే సగం పని పోయినట్టే.

నొప్పి కాస్త లొంగి, ఫిజియో సరే అన్నాక పిలాటిస్. 1883లో జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ తయారుచేసిన పద్ధతి ఇది, ఆయన దీన్ని కంట్రాలజీ అనేవాడు. అంటే ఎన్నిసార్లు చేశారన్నది కాదు, ఎంత అదుపులో చేశారన్నదే లెక్క. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి తీసుకోండి, పొట్ట రాయిలా బిగించక్కర్లేదు, మాట్లాడగలిగేంత చాలు. అలాగే ఉంచి నడుముని నేలకి కొంచెం ఆనించి వదలడం వస్తే, తర్వాత పిరుదులు బిగించి నడుం పైకి లేపే బ్రిడ్జ్. ఇక్కడ తొడ వెనక పట్టేస్తుంటే పాదాలు కొంచెం పిరుదుల దగ్గరికి జరపండి. ఆ తర్వాత పక్కకి తిరిగి పడుకుని, మడమలు కలిపి ఉంచి పై మోకాలు తెరిచే క్లామ్, తుంటి వెనక్కి దొర్లిపోకుండా చూసుకోవాలి, దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి అస్సలు బిగబట్టొద్దు.

ఎముకలు గుల్లబారిన వాళ్ళు, డిస్క్ ప్రాబ్లమ్ ఉన్నవాళ్ళు హండ్రెడ్, రోల్ అప్ లాంటి ముందుకి వంగేవి వాళ్ళంతట వాళ్ళు చెయ్యకూడదు, క్లాసులో అందరూ చేస్తున్నా సరే.

ఎంత నొప్పి వరకూ చెయ్యొచ్చు? 10కి 3, 4 లోపు ఉండి, మర్నాటికల్లా మామూలు స్థితికి వచ్చేస్తే పర్లేదు. మర్నాడు కీలు వాచినా, నొప్పి అలాగే ఉన్నా మానెయ్యక్కర్లేదు, సగానికి తగ్గించండి. కొత్తలో రెండు మూడు రోజులు కండరాలు పచ్చిగా ఉండటం మామూలే, కానీ పొడిచినట్టు, షాక్ కొట్టినట్టు కాల్లోకి దిగే నొప్పి వస్తే ఆపాల్సిందే.

పిలాటిస్‌కి వాడే, స్ప్రింగులున్న రిఫార్మర్ మిషన్ కొనాలా అంటే, నా లెక్కలో మొదట మ్యాట్ చాలు. నడుం నొప్పి మీద 2015లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా ఏమీ చెయ్యకుండా ఉండటం కంటే పిలాటిస్ నయమనే చెప్పింది గానీ మిగతా ఎక్సర్‌సైజులకంటే గొప్పదని తేల్చలేదు. కాబట్టి మీకు నచ్చి రోజూ చెయ్యగలిగేది ఏదైతే అది పట్టుకోండి.

బలం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, రెండో వారంలోనే "ఏం లాభం లేదు" అనేసి వదిలెయ్యొద్దు. నొప్పి పోయాక కూడా వారానికి రెండు మూడు రోజులు చెయ్యాలి. 6 వారాలు సరిగ్గా చేసినా ఏ మార్పూ లేకపోతే మాత్రం అవే ఇంకా ఎక్కువ చెయ్యకుండా ఫిజియో దగ్గరికి మళ్ళీ వెళ్ళి, మీరు ఇంట్లో ఎలా చేస్తున్నారో వాళ్ళ ముందే చేసి చూపించండి.