ఆహారంలో గ్లూటెన్‌ను గుర్తించే చిన్న యాంటీబాడీ తునకలను తయారుచేసుకోవడం ఎలా?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ ప్రోటీన్లు సీలియాక్ వ్యాధి ఉన్నవారి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. గ్లూటెన్ లేని ఆహారమే వారికి చికిత్స కనుక ఒక పదార్థంలో అది ఎంత ఉందో నమ్మకంగా కొలవగలగాలి. ‘గ్లూటెన్ రహితం’ అని చెప్పుకునే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం నిర్దేశిస్తుంది. ఈ కొలతకు విరివిగా వాడుతున్న ఎలైసా (యాంటీబాడీ అంటుకున్న చోట ఎంజైము సంకేతమిచ్చే పరీక్ష) కిట్లు ఆర్5, జీ12 వంటి ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీలపై ఆధారపడతాయి. వాటికి ప్రత్యామ్నాయంగా, బ్యాక్టీరియాలోనే పెంచుకోగల చిన్న తునకలను ఫేజ్ డిస్‌ప్లే పద్ధతిలో (బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌ల మీద ఒక్కో రకం తునకను నిలిపి, ఎరకు అంటుకున్నవాటినే రౌండ్ల వారీగా ఏరుకోవడం) ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. పాఠకులకు అణుజీవశాస్త్ర ప్రయోగశాల పనులతో పరిచయం ఉందని భావిస్తున్నాను.

పూర్తి ఐజీజీ యాంటీబాడీ బరువు సుమారు 150 కిలోడాల్టన్లు. బరువు గొలుసు, తేలిక గొలుసుల కొసలను ఒక చిన్న లింకర్‌తో కలిపిన ఎస్‌సీఎఫ్‌వీ సుమారు 27, ఒంటె జాతి జంతువుల యాంటీబాడీలలోని ఒంటరి కొస అయిన వీహెచ్‌హెచ్ సుమారు 15 కిలోడాల్టన్లు ఉంటాయి. వీటి జన్యుక్రమం చేతిలో ఉన్నంత కాలం అదే పదార్థాన్ని ఎన్నేళ్ల తరువాతైనా మళ్లీ తయారుచేసుకోవచ్చు. అయితే ఈ పనిలో జయాపజయాలు లైబ్రరీ (రకరకాల తునకలున్న ఫేజ్‌ల సమూహం) ఎంత పెద్దదన్న దానికన్నా, గ్లూటెన్‌లోని గ్లయడిన్ ప్రోటీన్‌ను ఏ రూపంలో ఎర వేశామన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడతాయి. అందుకే ఎర గురించి కొంత విస్తారంగా చెప్పాల్సి వస్తోంది.

ఎరను సిద్ధం చేయడం

గోధుమ గ్లూటెన్‌లో ఆల్కహాలులో కరిగే గ్లయడిన్లు, ఆ ఆల్కహాలులో కరగని గ్లుటెనిన్లు ఉంటాయి. బార్లీలోని హోర్డీన్లు, రైలోని సెకాలిన్లు కూడా గ్లయడిన్ల కోవకు చెందిన ప్రోలమిన్లే. గ్లయడిన్‌లోని ఎమినో ఆమ్లాల్లో సుమారు మూడోవంతు గ్లుటమినే, దాని తరువాతి స్థానం ప్రోలిన్‌ది. ఈ కూర్పు వల్ల అది నీటిలో కరగదు, 60 నుంచి 70 శాతం ఇథనాల్‌లో కరుగుతుంది. అనేక యూరోపియన్ గోధుమ రకాల మిశ్రమం నుంచి తీసిన పీడబ్ల్యూజీ గ్లయడిన్ దొరికితే దానినే వాడండి. దొరకనప్పుడు కొవ్వు తీసేసిన గోధుమ పిండిని ఉప్పు ద్రావణంతో పలుమార్లు కడిగి, మిగిలిన ముద్దను 60 శాతం ఇథనాల్‌లో కలియబెట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటను తీసుకోవచ్చు.

ఇథనాల్‌లో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండేలా చేసుకున్న ఈ నిల్వను పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్‌లో మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములకు పలుచన చేసి, ప్రోటీన్ అంటుకునే ప్లాస్టిక్ గొట్టమైన ఇమ్యునోట్యూబుకు పూత పూస్తారు. పలుచన చేసిన క్షణంలో ద్రావణం మసకబారితే ప్రోటీన్ గుంపులు కడుతోందని అర్థం. అలాంటి పూత మీద ఎంచిన క్లోన్లు ఆ గుంపులకే అంటుకునే ప్రమాదం ఉంది కనుక గాఢతను సగానికి తగ్గించి, వోర్టెక్స్ చేస్తూ చుక్కచుక్కగా కలపండి.

పూతకు బదులు బయోటిన్ తగిలించి మాగ్నెటిక్ బీడ్స్‌తో పట్టాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. మామూలు బయోటిన్ కారకాలు లైసిన్‌కు అతుక్కుంటాయి, గ్లయడిన్‌లోనేమో లైసిన్ అతి తక్కువ. కిట్‌లో రాసిన విధానాన్ని అక్షరాలా పాటించినా పావు వంతు అణువులకైనా బయోటిన్ అతకకపోవచ్చు. ఈ పద్ధతే కావాలంటే మొదటి కొసన బయోటిన్ ఉన్న సింథటిక్ పెప్టైడు చేయించుకోవడం మేలు. ఆల్ఫా గ్లయడిన్‌లోని 33 ఎమినో ఆమ్లాల పెప్టైడు ఇందుకు అనువైనది. జీర్ణ ఎంజైములకు లొంగని ఈ ముక్కను 2002లో గుర్తించారు, జీ12 యాంటీబాడీ పుట్టింది కూడా దీని నుంచే. కాకపోతే ఈ పెప్టైడు మీద మాత్రమే ఎంచిన తునకలు హోర్డీన్, సెకాలిన్‌లను వదిలేయవచ్చు. మొదటి రౌండుకు పెప్టైడును, తరువాతి రౌండ్లకు మూడు ధాన్యాల ప్రోలమిన్ల మిశ్రమాన్ని వాడడం నాకు సమంజసంగా తోస్తుంది.

ఇక చాలామంది పట్టించుకోని విషయం వేడి. రొట్టె కాలేటప్పుడు గ్లయడిన్ అణువులు గ్లుటెనిన్లతో డైసల్ఫైడ్ బంధాలు ఏర్పరచుకొని ఉత్త ఆల్కహాలుకు లొంగకుండా పోతాయి. అందువల్ల ఆహార పరీక్షల్లో 250 మిల్లీమోలార్ 2-మెర్‌కాప్టోఇథనాల్, 2 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్ కలిపిన ద్రావణంలో నమూనాను 50 డిగ్రీల సెల్సియస్ వద్ద 40 నిమిషాలు ఉంచి, ఆపై 80 శాతం ఇథనాల్‌తో మరో గంట కలియబెడతారు. ఈ ద్రావణంలోంచి వచ్చే గ్లయడిన్‌కు డైసల్ఫైడ్ బంధాలు తెగి, సహజమైన మడత ఉండదు. రేపు మీ తునక ఎదుర్కోబోయేది ఈ విప్పారిన గొలుసునే కనుక, పానింగ్‌కు (ఎరతో ఫేజ్‌లను ఎంచే దశకు) వాడే గ్లయడిన్‌ను కూడా ఇదే ద్రావణంలోంచి నడిపించి, డయాలసిస్‌తో రసాయనాలను తొలగించి వాడాలి. సహజ మడత మీద ఎంచిన అందమైన క్లోన్, కాల్చిన బిస్కెట్టు ముందు చేతులెత్తేయడానికి ముఖ్య కారణం ఈ జాగ్రత్త లోపించడమే.

లైబ్రరీ ఎంపిక

లామాకో అల్పాకాకో గ్లయడిన్ టీకాలు ఇచ్చి, రక్తంలోని లింఫోసైట్ల ఆర్ఎన్ఏ నుంచి వీహెచ్‌హెచ్ జన్యువులను విస్తరించి ఇమ్యూన్ లైబ్రరీ కట్టుకోవచ్చు. ఇందులో కోటి క్లోన్లున్నా సాధారణంగా సరిపోతాయి. జంతువు అందుబాటులో లేనివారు కనీసం వంద కోట్ల వైవిధ్యం ఉన్న నైవ్ (టీకా ఇవ్వని జీవుల నుంచి తీసిన) లేదా సింథటిక్ లైబ్రరీతో మొదలుపెట్టాలి, అయితే అందులో దొరికే వాటి పట్టు బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ.

వీహెచ్‌హెచ్‌లు వేడికి, ఆల్కహాలుకు ఓర్చుకుంటాయని, విడిపోయినా మళ్లీ మడుచుకుంటాయని వాటినే ఎంచుకునే ధోరణి కనిపిస్తుంది. ఆ గుణాలు నిజమే. అయితే అవి ప్రోటీన్ మీది గుంటల్లోకి దూరి పట్టుకోవడంలో నేర్పరులు, మడత లేని మెత్తటి గొలుసును పట్టుకోవడం వాటికి అంత సులువు కాదు. ఎస్‌సీఎఫ్‌వీలో రెండు గొలుసుల నడుమ ఉండే గాడి అలాంటి పెప్టైడుకు సరిగ్గా అమరుతుంది. వనరులు ఉంటే రెండు రకాల లైబ్రరీలనూ సమాంతరంగా నడపండి, ఒక్కటే సాధ్యమైతే నేను ఎస్‌సీఎఫ్‌వీ వైపు మొగ్గుతాను.

పానింగ్

ఇ. కోలై టీజీ1 కణాలను 37 డిగ్రీల వద్ద 600 నానోమీటర్ల వద్ద సాంద్రత 0.4 చేరేవరకు పెంచండి. ఫేజ్ లోపలికి వెళ్లే ఎఫ్ పైలస్ తక్కువ ఉష్ణోగ్రతలో సరిగా ఏర్పడదు, అందువల్ల కల్చర్‌ను ఐస్ మీద మరిచిపోతే ఇన్ఫెక్షన్ కుంటుపడుతుంది. కుదుపుకు పైలస్ తెగిపోతుంది కనుక ఫేజ్ కలిపాక అరగంట పాటు కదపకుండా ఉంచాలి.

ప్రతి రౌండుకూ ముందు ఫేజ్‌లను గ్లూటెన్ లేని ధాన్యాల ప్రోటీన్లతో, అంటే మొక్కజొన్నలోని జీన్ (zein) అనే ప్రోటీన్, బియ్యం, సోయా సారాలతో పూసిన ట్యూబులో గంటసేపు ఉంచి, అంటుకోనివాటినే ముందుకు తీసుకోవాలి. జీన్ కూడా గ్లుటమిన్, ప్రోలిన్‌లు సమృద్ధిగా ఉన్న ప్రోలమిన్ కాబట్టి ఈ తొలగింపు చేయకపోతే తప్పుడు పాజిటివ్‌లు తప్పవు. ఓట్స్‌లోని ప్రోలమిన్ అయిన అవెనిన్‌ను తొలగింపులో చేర్చాలా వద్దా అన్నది మీ పరీక్ష ఉద్దేశాన్ని బట్టి ముందే తేల్చుకోండి.

తరువాత సుమారు లక్ష కోట్ల (10¹²) ఫేజ్ కణాలను గ్లయడిన్ ట్యూబులో వేసి రెండు గంటలు ఉంచి, 0.1 శాతం ట్వీన్-20 ఉన్న పీబీఎస్‌తో మొదటి రౌండులో 10 సార్లు, ఆపై 20 సార్లు కడగాలి. ఫేజ్‌మిడ్‌లో (తునక జన్యువును మోసే డీఎన్ఏలో) ట్రిప్సిన్ కోసే చోటు ఉంటే ట్రిప్సిన్‌తో, లేకుంటే ఆమ్ల గ్లైసిన్‌తో విడిపించి టీజీ1కు ఎక్కించండి. ఒక రౌండులో పాలపొడితో, మరో రౌండులో బీఎస్‌ఏతో ఖాళీలు పూడిస్తే ఆ ప్రోటీన్లను పట్టే క్లోన్లు పోగుపడవు. రెండో రౌండు నుంచి కడిగే బఫర్‌లో 5 నుంచి 10 శాతం ఇథనాల్ కలపడం నేను గట్టిగా సూచిస్తాను, ఎందుకంటే అసలు పరీక్షలో పలుచన చేసిన తరువాత కూడా ఆ మేరకు ఆల్కహాలు మిగులుతుంది. సాధారణంగా మూడు రౌండ్లు సరిపోతాయి, అంతకు మించితే వేగంగా పెరిగే క్లోన్లు మిగతావాటిని తొక్కేస్తాయి.

క్లోన్ల ఎంపిక, తయారీ

మూడో రౌండు నుంచి 96 కాలనీలను తీసుకొని ఒక్కొక్కదానితో ఫేజ్ ఎలైసా చేయండి. ప్రతి క్లోన్‌నూ గ్లయడిన్ మీద, జీన్ మీద, బ్లాకింగ్ ప్రోటీన్ మీద, ఉత్త ప్లాస్టిక్ మీద పక్కపక్కనే చూడాలి. గ్లయడిన్ సంకేతం మిగతా మూడింటికి కనీసం మూడు రెట్లు ఉన్నవాటిని మాత్రమే సీక్వెన్సింగ్‌కు పంపండి.

ఇక్కడ రెండు చిక్కులు ఎదురవుతాయి. ఫేజ్ కొసన ఒకటికి మించి తునకలు ఉండవచ్చు, గ్లయడిన్‌లో ఒకే క్రమం పదేపదే వస్తుంది. ఈ రెండూ కలిసి బలహీనమైన పట్టును కూడా బలమైనదిగా చూపిస్తాయి, అందువల్ల ఫేజ్ ఎలైసాలో మెరిసిన క్లోన్ విడి తునకగా మారగానే నీరసించవచ్చు. రెండోది స్టాప్ కోడాన్. టీజీ1 కణాలు టీఏజీని గ్లుటమిన్‌గా చదువుతాయి, కానీ హెచ్‌బీ2151 వంటి కణాలు అక్కడే ఆగిపోతాయి. సింథటిక్ లైబ్రరీల నుంచి వచ్చిన క్లోన్‌లో తునక జన్యువు మధ్యలోనే టీఏజీ ఉంటే కరిగే ప్రోటీన్ ఒక్క చుక్క కూడా రాదు. ఆ కోడాన్‌ను సీఏజీగా మార్చి మళ్లీ ప్రయత్నించండి.

తునకను పెరిప్లాజంలోకి పంపే సిగ్నల్, చివర హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న వెక్టర్‌లో ఐపీటీజీతో 30 డిగ్రీల లోపు తయారుచేసి నికెల్ కాలమ్ మీద శుద్ధి చేయాలి. పట్టు చాలకపోతే లింకర్‌ను ఐదు ఎమినో ఆమ్లాలకు కుదిస్తే రెండు ఎస్‌సీఎఫ్‌వీలు జతకట్టి డయాబాడీ అవుతాయి. బ్యాక్టీరియా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌తో కలిపితే ఆ ఎంజైము సహజంగానే జంటగా ఉంటుంది కనుక రెండు చేతుల పట్టూ వస్తుంది, రెండో యాంటీబాడీ అవసరమూ తీరుతుంది.

పరీక్షగా మలచడం

ఇంత చిన్న తునకను నేరుగా పాలిస్టైరీన్‌కు పూస్తే దాని మడత చెదిరి పట్టు పోతుంది. మొదట ఆహార సారాన్నే ప్లేటుకు పూసి, తునకతో గుర్తించే పరోక్ష ఎలైసాతో మొదలుపెట్టండి. గ్లయడిన్‌ను రెండు వైపులా రెండు యాంటీబాడీలతో పట్టే శాండ్‌విచ్ ఎలైసా కావాలంటే తునకకు ఒక కొసన బయోటిన్ చేర్చి స్ట్రెప్టావిడిన్ ప్లేటు మీద నిలపాలి. బీరు, సోయా సాస్ వంటి పులిసిన పదార్థాల్లో గ్లూటెన్ చిన్న పెప్టైడులుగా తెగిపోయి ఉంటుంది, రెండు యాంటీబాడీలు ఒకేసారి పట్టేంత చోటు వాటిలో ఉండదు. వాటికి ఒకే యాంటీబాడీ కోసం నమూనాలోని, ప్లేటు మీది గ్లయడిన్లు పోటీపడే కాంపిటిటివ్ ఎలైసాయే శరణ్యం. మెర్‌కాప్టోఇథనాల్ తునకలోని డైసల్ఫైడ్ బంధాన్ని కూడా తెంచుతుంది కనుక సారాన్ని తగినంత పలుచన చేయకుండా ప్లేటులో వేయకూడదు.

ఖాళీ నమూనాల సగటుకు ప్రామాణిక విచలనం మూడు రెట్లు కలిపి గుర్తింపు పరిమితిని, పది రెట్లు కలిపి కొలత పరిమితిని లెక్కిస్తారు. ఈ ఖాళీలు బఫర్‌వి కాకుండా గ్లూటెన్ లేని నిజమైన ఆహారానివై ఉండాలి. గ్లయడిన్ విలువను రెండుతో గుణించి గ్లూటెన్‌గా చెప్పడం ఆనవాయితీ, కనుక కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ అంటే 10 మిల్లీగ్రాముల గ్లయడిన్. తెలిసిన మోతాదు కలిపిన నమూనాల్లో 80 నుంచి 120 శాతం తిరిగి కనిపిస్తే బాగున్నట్టే. చాక్లెట్ వంటి వాటిలోని పాలీఫినాల్స్ గ్లయడిన్‌ను పట్టేసుకుంటాయి, వెలికితీత సమయంలో పాలపొడి కలిపితే ఆ నష్టం తగ్గుతుంది. ఖాళీ నమూనాలో సంకేతం వస్తే తునకను అనుమానించే ముందు గదిని అనుమానించండి. గోధుమ పిండి తూచిన బల్ల, పైపెట్, కోటు చేతులు ఇందుకు చాలు.

లాటరల్ ఫ్లో పట్టీగా మార్చదలచినవారు గ్లూటెన్ మరీ ఎక్కువగా ఉన్న నమూనాలో శాండ్‌విచ్ గీత మసకబారే హుక్ ప్రభావాన్ని గోధుమ పిండితోనే పరీక్షించాలి. ఆమ్లంతోనో ఎంజైములతోనో గ్లుటమిన్‌ను గ్లుటమిక్ ఆమ్లంగా మార్చిన గోధుమ ప్రోటీన్‌ను కూడా పరీక్షల జాబితాలో చేర్చండి. ఆర్5తో సహా గ్లుటమిన్ ఉన్న క్రమాలను పట్టే యాంటీబాడీలు దానిని తక్కువగా చూపిస్తాయి, మీ తునక కూడా అదే కోవలోకి రావచ్చు. అలా వచ్చినట్టయితే ఆ రకం పదార్థాలకు ఈ పరీక్ష వర్తించదని వాడుక సూచనల మొదటి పేజీలోనే రాయాలి.