కొత్త రిమ్ములు, కొత్త టైర్లు వేయించాక స్టీరింగ్ వణుకుతోందా?

పికప్‌కి నాలుగు టైర్లూ రిమ్ములతో సహా మార్పించి, బిల్లు కట్టి, విజయవాడ ఆటోనగర్ నుంచి ఏలూరు వైపు హైవే ఎక్కాను. రామవరప్పాడు రింగ్ దాటేదాకా బాగానే ఉంది. గన్నవరం దగ్గర ముల్లు 70 దాటిందో లేదో, స్టీరింగ్ చేతుల్లో గజగజలాడింది. అంతకుముందు ట్రాఫిక్‌లో 30 మీద పోతున్నప్పుడే స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ ఊగింది. కొత్త టైర్లు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాను. అసలు సంగతి ఆ చిన్న ఊపులోనే ఉందని మూడుసార్లు బ్యాలెన్సింగ్‌కీ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), ఒకసారి అలైన్‌మెంట్‌కీ (చక్రాల కోణాలు సరిచేయడం) డబ్బులు పోశాక గానీ అర్థం కాలేదు.

అందుకే షాపుకి వెళ్లేముందు మీరే ఒక పని చేయండి. ఖాళీ రోడ్డు మీద బండి నడిపి మూడు విషయాలు గమనించండి. వణుకు ఏ స్పీడులో మొదలై ఏ స్పీడులో తగ్గుతోంది? చేతికి తెలుస్తోందా, సీటు కిందా? బ్రేక్ తొక్కినప్పుడే వస్తోందా, తొక్కకపోయినా ఉందా? చేతికి తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలు, సీటుకు తెలిస్తే వెనక చక్రాలు. "బండి షేక్ అవుతోంది అన్నా" అని మాత్రమే చెబితే వాళ్లు చేసేది బ్యాలెన్సింగే.

65-70 దగ్గర మొదలై, 90 దగ్గర తగ్గిపోతోంది

ఇది బ్యాలెన్సింగ్ తేడా. తక్కువ స్పీడులో ఏమీ తెలియదు, ఒక స్పీడులో గట్టిగా కొడుతుంది, అది దాటితే మళ్లీ నెమ్మదిస్తుంది. (స్పీడ్ గవర్నర్ 80కి కట్టేసిన బండయితే తగ్గడం మీకు కనిపించదు, మొదలవడం మాత్రమే తెలుస్తుంది.)

ఎంత తేడా ఉంటే ఇలా కొడుతుంది? 215/75 ఆర్15 టైరు తీసుకోండి. చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 80 కిలోమీటర్ల స్పీడులో సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. రిమ్ అంచున ఒకచోట 50 గ్రాములు ఎక్కువైతే, ఆ స్పీడులో నాలుగు కిలోల బరువుతో సెకనుకు పదిసార్లు కుదిపినట్టు. స్పీడు సగమైతే దెబ్బ సగం కాదు, పావు వంతు అవుతుంది. 40 మీద ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే.

చక్రం లోపలా బయటా చూడండి. బరువు సమం చేయడానికి కొత్తగా కొట్టిన చిన్న లోహపు వెయిట్ ఊడిపోయిన గుర్తు ఉందేమో చూడాలి. అల్లాయ్ రిమ్‌కి లోపల అంటించే రకం వెయిట్లు దుమ్ము మీదే అంటించేస్తే రెండు రోజుల్లో రాలిపోతాయి. అక్కడ జిగురు మరక ఒంటరిగా మిగిలి ఉంటుంది. తోటల్లోకి, పొలం గట్ల మీదికి వెళ్లే బండయితే రిమ్ లోపల ఎండిన బురద గడ్డ ఉందేమో గీకి చూడండి. అదొక్కటే చాలు, ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా వృథా చేయడానికి.

పంక్చర్ పడకుండా టైర్లో ద్రవం పోయించారా? అది లోపల ఒకవైపు పేరుకుని ఉంటే మెషీన్ మీద తిప్పిన ప్రతిసారీ వేరే అంకె చూపిస్తుంది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదలకుండా గాలి కొట్టే చోట టైర్లోకి నీరు చేరినా ఇదే కథ.

ఇక బ్యాలెన్సింగ్ సరిగ్గా చేశారో లేదో మీరే తేల్చుకునే ఉపాయం ఒకటుంది. మెషీన్ సున్నా చూపించాక, "ఒకసారి లూజ్ చేసి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పు తమ్ముడూ" అనండి. మళ్లీ సున్నాయో, అయిదు పది గ్రాములో చూపిస్తే పని సరిగ్గా జరిగినట్టు. ముప్ఫై నలభై చూపిస్తే చక్రం మెషీన్ మీద సెంటర్‌లో కూర్చోలేదు. పికప్ రిమ్ మధ్య రంధ్రం పెద్దది. చక్రాన్ని మెషీన్ మధ్యలో నిలిపే కోన్ కూడా కార్లకు వాడేదే పెట్టి నెట్టుకొస్తే ఇలాగే అవుతుంది.

ఒకే చక్రానికి వంద గ్రాములు దాటి వెయిట్లు అడుగుతుంటే కొట్టనివ్వకండి. గాలి తీసి, టైరును రిమ్ మీద సగం చుట్టు జరిపి మళ్లీ చూడమనండి. కొత్త టైరు పక్క గోడ మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలిక భాగం, వాల్వ్ ఎదురుగా రావాలి. ఎరుపు చుక్క టైరులో ఎత్తయిన భాగానికి గుర్తు. రిమ్ మీద పల్లానికి గుర్తు ఉంటే దాని ఎదురుగా రావాలి. రెండు చుక్కలూ ఉంటే, రిమ్ మీద గుర్తు కూడా ఉంటే, ఎరుపుకే ప్రాధాన్యం. ఈ చుక్కలు చూసి బిగించే కుర్రాడు దొరికితే ఆ షాపు వదలకండి.

20-30 మీదే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతోంది, లేదా బండి ఎగిరెగిరి పడుతోంది

ఇది బ్యాలెన్సింగ్‌తో పోదు. చక్రం గుండ్రంగా లేదు, లేదా వంకరగా తిరుగుతోంది. మన మెకానిక్‌లు వాబ్లింగ్ అనేది దీన్నే.

చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో నేలకు నాలుగు వేళ్ల ఎత్తు లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండ్ పెట్టండి. ఒక ఇటుక మీద స్క్రూడ్రైవర్ పెట్టి, దాని మొన రిమ్ అంచుకు తగిలీ తగలనట్టు ఉంచి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ తేడా ఒక మిల్లీమీటరుకు లోపల ఉంటే పరవాలేదు. రెండు, మూడు దాటితే దొంగ దొరికినట్టే. మొనను టైరు పక్కకు, తర్వాత ట్రెడ్ (రోడ్డుకు తగిలే భాగం) మీదికి మార్చి అలాగే చూడండి.

రిమ్ నిలకడగా తిరుగుతూ టైరు మాత్రమే ఊగుతుంటే, టైరు అంచు రిమ్‌లో పూర్తిగా కూర్చోలేదేమో చూడాలి. రిమ్‌ను ఆనుకుని టైరు మీద చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. అది రిమ్ నుంచి అంతటా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దిగిపోతే గాలి తీసి, సబ్బు నీళ్లు పూసి మళ్లీ గాలి కొట్టాలి. గీత సరిగ్గా ఉన్నా ఊగుతుంటే టైరే తేడా. వారంటీలో మార్పించుకోండి. పక్క గోడలో ఉబ్బు కనిపిస్తే మాత్రం ఆ టైరుతో ఇంకో కిలోమీటరు కూడా వద్దు.

రిమ్ కూడా ఊగుతోందంటే రెండే అనుమానాలు. రిమ్ వంకరైనా అయి ఉండాలి, హబ్ (బండి వైపు ఉండే, చక్రాన్ని బిగించే భాగం) మీద చదునుగా కూర్చోకపోయి అయినా ఉండాలి. నాది ఈ రెండోదే. చక్రం విప్పి చూస్తే హబ్ ముఖం మీద ఒకవైపు తుప్పు పొరలు పొరలుగా కట్టి ఉంది, గోరుతో తడిమితే గట్టులా తగిలింది. మహా అయితే ఒక మిల్లీమీటరు. పాత రిమ్ ఏళ్ల తరబడి అదే చోట కూర్చుని ఆ తుప్పుతో సర్దుకుపోయింది. కొత్తది సర్దుకోలేదు. హబ్ వెడల్పు 16 సెంటీమీటర్లు, టైరు ఎత్తు 70. హబ్ దగ్గర ఒక మిల్లీమీటరు వంకర టైరు అంచుకు వచ్చేసరికి నాలుగు దాటుతుంది. వైర్ బ్రష్‌తో పావుగంట రుద్ది, గుడ్డతో తుడిచి బిగించాను. ఖర్చు, ఒక బ్రష్.

మూడుసార్లు చేసిన బ్యాలెన్సింగూ నిజానికి సరిగ్గానే ఉంది. మెషీన్ తన షాఫ్ట్ మీద చక్రాన్ని చూస్తుంది గానీ, మన హబ్ మీద అదెలా కూర్చుంటుందో దానికేం తెలుసు? చక్రం విప్పిన ప్రతిసారీ హబ్ శుభ్రం చేయమని అడిగి మరీ చేయించుకోవడం అప్పటి నుంచి అలవాటైంది. "ఎందుకన్నా టైమ్ వేస్ట్" అంటారు. అననివ్వండి.

స్టీల్ రిమ్ములతో బాగుంది, అల్లాయ్స్ వేశాకే వణుకు

బయటి కంపెనీ అల్లాయ్ రిమ్ములు చాలా బండ్లకు సరిపోవాలని మధ్య రంధ్రం పెద్దగా పెట్టి అమ్ముతారు. ఒరిజినల్ రిమ్ హబ్ మీద బిగుతుగా కూర్చుంటుంది. ఈ రిమ్‌లో హబ్ చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి సరిపోయే రింగు వేయాలి. హబ్ బయటి కొలత, రిమ్ లోపలి కొలత వెర్నియర్‌తో తీసుకుని అడిగితే దొరుకుతుంది.

నట్లు కూడా చూడండి. కోను ఆకారం నట్టు, గుండ్రటి అడుగున్న నట్టు, చదును వాషర్ నట్టు అని మూడు రకాలు. రిమ్‌లో గుంట ఏ రకమైతే నట్టూ ఆ రకమే ఉండాలి. మరలు సరిపోయాయి కదా అని పాత నట్లే బిగించేస్తే రిమ్ సెంటర్‌కి రాదు, పైగా దారిలో లూజవుతుంది. ఇది వణుకుతో పోయే విషయం కాదు, చక్రం ఊడిపోయే విషయం.

బ్రేక్ తొక్కినప్పుడే కొట్టుకుంటోంది

ఇక్కడ టైర్ల తప్పు లేకపోవచ్చు, కానీ టైర్లు వేసిన చేతుల తప్పు ఉండవచ్చు. గాలి గన్‌తో ఒక నట్టును ఎడాపెడా బిగించి, ఇంకోదాన్ని వదిలేస్తే బ్రేక్ డిస్క్ మీద ఒత్తిడి ఒకేలా పడదు, అది వంగుతుంది. ముందు నట్లన్నీ లూజ్ చేసి, ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) మళ్లీ బిగించండి. అప్పటికీ పోకపోతే డిస్కులు చెక్కించాలి, లేదా మార్చాలి.

గుంతలో పడ్డాక వణుకు మొదలై, స్లో చేస్తే గానీ ఆగడం లేదు

టైరు షాపు పని కాదిది. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాల్లో ఎక్కడో ప్లే (వదులు) ఉంది. అరిగి మెత్తబడిన పాత టైర్లు దాన్ని మింగేశాయి, కొత్త టైర్ల గట్టి ట్రెడ్ బయటపెట్టింది. చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగ్, బాల్ జాయింట్, యాక్సిల్ రకం బండయితే కింగ్‌పిన్. పక్కలకు పట్టుకుని ఊపితే ఆడుతోందంటే టై రాడ్ ఎండ్. లారీల్లో యూ-బోల్టులు కూడా ఒకసారి చూడాలి.

పొద్దున్నే వణికి, కాసేపటికి దానంతటదే పోతోంది

బండి వారం పది రోజులు ఒకేచోట నిలబడితే టైరు కింద భాగం చదునవుతుంది. పది ఇరవై కిలోమీటర్లకు వేడెక్కి పోతే పట్టించుకోనక్కర్లేదు.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టైరు అంచు కూర్చోవడానికి ఎక్కువ గాలి కొట్టి, తర్వాత తగ్గించడం మర్చిపోవడం షాపుల్లో మామూలే. ఖాళీ పికప్ రాయిలా ఎగురుతుంటే గేజ్ పెట్టి చూశాకే మిగతావి.

ఏమీ తేలకపోతే

ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి (నాలుగూ ఒకే సైజయితేనే). వణుకు చేతుల్లోంచి సీటులోకి వెళ్లిపోతే తప్పు ఆ రెండు చక్రాల్లోనే ఉంది. చేతుల్లోనే ఉండిపోతే హబ్, బ్రేక్, స్టీరింగ్ చూడాలి. గంట పని, పైసా ఖర్చు లేదు, సగం అనుమానాలు పోతాయి. ఇంకో మాట. పాత టైర్లు, రిమ్ములు అదే రోజు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, ఒక వారం ఉంచుకోండి. వాటిని మళ్లీ వేసి నడిపితే వణుకు లేదనుకోండి, షాపుతో వాదన అక్కడికక్కడే తేలిపోతుంది.

అలైన్‌మెంట్ తేడా అయితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వణుకు మాత్రం సాధారణంగా దాని వల్ల రాదు. కొత్త టైర్లకు చేయించుకోవడం మంచిదే, వణుకుకు మందు అని చెబితే మాత్రం నమ్మకండి.

నట్లు బిగించడం మొదటి రోజుతో అయిపోదు. కొత్త రిమ్ మీద మందంగా ఉన్న పెయింటు, చక్రం తిరిగేకొద్దీ నట్ల కింద నలిగి అణుగుతుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక అన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. నేను హబ్ రుద్దిన రోజు హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి వచ్చాను, 80 మీద కూడా స్టీరింగ్ కదల్లేదు. ఇంటికొచ్చి, చక్రాలు చల్లారాక రెంచ్ పెడితే కుడి ముందు చక్రంలో ఒక నట్టు పావు చుట్టు తిరిగింది.