గణితాన్ని వృత్తిగా ఎంచుకునే విద్యార్థి మాటను, రాతను సాధన చేయడం ఎలా?

బీఎస్సీలోనో ఎమ్మెస్సీలోనో గణితం చదువుతూ, ముందుముందు పరిశోధననో బోధననో వృత్తిగా ఎంచుకోదలచిన విద్యార్థి, తనకు తెలిసినదాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం ఇప్పటి నుంచే సాధన చేయాలి.

ముందుగా నల్లబల్ల దగ్గర నిలబడడం అలవాటు చేసుకోండి. ముగ్గురు నలుగురు సహాధ్యాయులు వారానికొకసారి కూడి, వంతులవారీగా ఒక్కో సిద్ధాంతాన్ని పుస్తకం చూడకుండా నిరూపించాలి. ఉదాహరణకు, ప్రధాన సంఖ్యలు అనంతమని చెప్పే యూక్లిడ్ నిరూపణలో, మొదటి కొన్ని ప్రధాన సంఖ్యలను గుణించి ఒకటి కలిపితే వచ్చేది కూడా ప్రధాన సంఖ్యేనని కొందరు తొందరపడి అంటారు. అయితే 2, 3, 5, 7, 11, 13ల లబ్ధానికి 1 కలపగా వచ్చే 30031, 59ని 509తో గుణించగా వచ్చేదేనని వినేవారిలో ఒకరు చూపితే, వాదనను ఎక్కడ సవరించాలో అక్కడికక్కడే ఆలోచించవలసి వస్తుంది. ఆ అభ్యంతరాన్ని అవమానంగా భావించకుండా, "నువ్వు అడిగింది ఇదేనా?" అని నిర్ధారించుకొని జవాబివ్వగలగడం అన్నిటికన్నా విలువైన నైపుణ్యమని నా నమ్మకం.

తెలుగు మాధ్యమంలో చదివినవారు మొదట తెలుగులోనే వివరించి, పట్టు చిక్కాక అదే నిరూపణను ఇంగ్లీషులో చెప్పాలి. భయం చాలావరకు తగ్గుతుంది.

రాసేటప్పుడు ప్రతి గుర్తుకూ ముందే అర్థం చెప్పి, పూర్తి వాక్యాల్లో రాయండి. 1913లో రామానుజన్ లేఖ అందుకున్న కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీ, ఆ ఫలితాలకు ఎంత ఆశ్చర్యపోయినా, నిరూపణలు పంపమని కోరాడు. గణిత గుర్తులను, సూత్రాలను చక్కగా టైపు చేసేందుకు వాడే లేటెక్ (LaTeX) అనే సాఫ్ట్‌వేర్‌ను కూడా డిగ్రీలోనే నేర్చుకోవడం మంచిది.

ఆచార్యులకు ఈమెయిల్ పంపేటప్పుడు మీరు చదివినదేమిటో, ఏ మెట్టు దగ్గర ఆగారో స్పష్టంగా తెలిపి, ఒకే ప్రశ్న అడగండి.