నీటిరంగుల్లో ఆకాశం – నాలుగవ పాఠం: కిందికి పలచబడే నీలం

గత పాఠంలో కాగితమంతటా ఒకే గాఢతతో పూత వేయడం అభ్యసించాము. ఈ పాఠంలో పైన చిక్కగా మొదలై, దిగంతం దగ్గర తెల్లదనంలో కలిసిపోయే నీలాన్ని వేద్దాము. మబ్బులేని రోజున, ఉదయం తొమ్మిది గంటల వేళ మెరీనా ఒడ్డున నిలబడి ముందు నడినెత్తిన ఉన్న నీలాన్ని, ఆ తరువాత సముద్రాన్ని తాకే చోటి ఆకాశాన్ని చూడండి. దిగంతం వైపు మన చూపు ఎంతో ఎక్కువ గాలిని దాటి పోవాలి కనుక అక్కడ వెలుతురు పదేపదే చెదిరి నీలం పాలిపోతుంది. చెన్నై గాలిలోని తేమ దానిని మరింత తెల్లబరుస్తుంది.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువు గలదై, పూర్తిగా పత్తితో చేసినదై ఉండాలి. రంగుల ఖర్చు తగ్గించుకున్నా ఫరవాలేదు కాని, కాగితం దగ్గర పొదుపు చేయకండి. దానిని నాలుగు వైపులా టేపుతో బోర్డుకు అంటించి, బోర్డు పై అంచు కింద ఒక లావుపాటి పుస్తకం పెట్టండి. రంగుగా కోబాల్ట్ బ్లూ తీసుకోండి. అల్ట్రామెరైన్ అనే మరో నీలంలోని రేణువులు కాగితపు గుంటల్లో దిగి గరుకుగా కనిపిస్తాయి. థాలో బ్లూ ఒకసారి కాగితాన్ని పట్టుకుంటే సులభంగా వదలదు. ఆరాక రంగు వెలుస్తుంది కనుక కాస్త ముదురుగానే కలుపుకోండి, పరిమాణంలో అవసరమనుకున్న దానికి రెట్టింపు కలుపుకోండి.

అంగుళం వెడల్పు కుంచెతో పై అంచున అడ్డంగా ఒక గీత వేయగానే దాని కింది అంచున రంగునీరు సన్నని చారగా చేరి, జారక, మెరుస్తూ నిలుస్తుంది. ఈ పనికంతటికీ ప్రాణం ఆ నీటిచారే. రెండవ గీత దానిని తాకుతూ సాగి, దానిని కిందికి దింపుకుపోవాలి. ప్రతి గీతకు ముందు పళ్లెంలోని రంగులో చెంచాడు మంచినీరు కలుపుతూ పోతే, చివరి గీతల నాటికి దాదాపు నీరే మిగులుతుంది. అడుగున నిలిచిన చారను పిండిన కుంచెతో తప్పక పీల్చేయండి. లేకపోతే ఆ నీరు సగం ఆరిన పూతలోకి పైకి పాకి, కాలీఫ్లవర్ అంచులాంటి మరక వేస్తుంది.

మైలాపూరులోని నా గదిలో మొదట్లో ఎన్నో ఆకాశాలు ఇలాగే పాడయ్యాయి. మధ్యలో ఒకచోట పలచబడిందని కనిపించగానే తిరిగి కుంచె పెట్టేవాడిని. ముట్టుకోకుండా ఉంటే ఆ తేడా ఆరేసరికి చాలావరకు సర్దుకునేదని చాలాకాలానికి గాని నాకు తెలియలేదు. కాగితంపై తడి మెరుపు తగ్గి పట్టుబట్టలా కనిపించడం మొదలైతే ఇక చేయి పెట్టరాదు.

సీలింగు ఫ్యాను ఆపండి, ఎందుకంటే దాని గాలికి పూత ఒకవైపు ముందుగా ఆరి గీతలు తేలుతాయి. మే నెలలో పూత అడుగుకు చేరేలోపే పైభాగం ఎండిపోతుంది కనుక కాగితాన్ని ముందే శుభ్రమైన నీటితో సమంగా తడపండి. నవంబరు వానల్లో అది అవసరం లేదు, ఆరడానికి మాత్రం చాలాసేపు ఆగాలి.

వచ్చే పాఠం లోపు అరచేతి వెడల్పు ముక్కల మీద ఇలాంటి ఆకాశాలు పది వేసి, వేసిన వరుసలోనే గోడకు అంటించి ఉంచండి. మబ్బుల కోసం తడి పూతలోనుంచి రంగును ఎత్తే పనికి ఆ ముక్కల్లో చివరిది ఎలా వచ్చిందో చూసుకొని మొదలుపెడదాము.